ఇంటి ప్లాను – ఇల్లాలి సంతకం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిన రోజుల్లో మునిసిపాలిటీ అనుమతి అనేది లేదు కాబట్టి సరిపోయింది గాని, ఉండి ఉంటే దాన్నీ తప్పకుండా చేర్చేవారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ అనుమతి గురించే. "అదంతా మగవాళ్లు చూసుకుంటారులే" అని రేడియో కట్టేయకండి. ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీ ఇంటి స్థలం ఎవరి పేరున ఉంది? ఈ రోజుల్లో చాలా ఇళ్లలో స్థలం ఇల్లాలి పేరునే రిజిస్టరు చేయిస్తున్నారు. ఆడవాళ్ల పేరున ఇంటి రుణం తీసుకుంటే వడ్డీలో కాస్త తగ్గింపు ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి. స్థలం ఎవరిదైతే ప్లాను దరఖాస్తు మీద సంతకం వారిదే. రేపు నోటీసంటూ వస్తే దాని మీద ఉండే పేరూ వారిదే.

నేనూ సంతకం పెట్టాను, చదవకుండా పెట్టాను. 2013లో హైదరాబాదు శివార్లలో మా 180 గజాల స్థలంలో కింద ఒక వాటా, పైన ఒక వాటా వేసుకున్నాం. మావారు బల్ల మీద ప్లాను పరిచి "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని చూపిస్తుంటే, పొయ్యి మీద పాలు ఎక్కడ పొంగుతాయోనని ఒక కన్ను అటేసి, చూపించిన చోటల్లా పెట్టేశాను. ఆ కాగితంలో ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య నాలుగు వైపులా ఖాళీ చూపించారనీ, ఆ ఖాళీలో మనం ఏమీ కట్టకూడదనీ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

గోడలు లేస్తున్న రోజుల్లో మేస్త్రీకి టీ పట్టుకెళ్లినప్పుడు చూశాను. వంటింటి వెనక సందులాగా చోటు మిగిలిపోయి ఉంది. "ఇది ఊరికే పోతోంది కదయ్యా, గిన్నెలు తోముకోవడానికి ఇక్కడేమన్నా కట్టివ్వరాదూ?" అన్నాను. "దానికేం భాగ్యం అమ్మగారూ, రెండు రోజుల పని. అందరూ కట్టుకుంటున్నారు" అన్నాడు. మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. వెనక ప్రహరీని మనిషి ఎత్తు దాటించి లేపి, పైన రేకులు వేసి, లోపల నల్లరాయి పరిచాడు. కుళాయి పెట్టించాం. తొమ్మిదేళ్లు ఆ చోటు నాకు ఎంత సుఖమిచ్చిందో చెప్పలేను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపించి మురిసిపోయేదాన్ని!

2022లో మా అబ్బాయి పెళ్లి నిశ్చయమైంది. వాళ్ల కోసం పైన ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాం. బ్యాంకు రుణానికి దరఖాస్తు పెడితే వాళ్ల ఇంజనీరు వచ్చాడు. మా పాత ప్లాను చేతిలో పెట్టుకుని, ఇల్లంతా టేపుతో కొలిచి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఇది ప్లానులో లేదు కదమ్మా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాటా అనలేదు. రుణం మాత్రం ఆగిపోయింది. పై అంతస్తుకు ప్లాను గీయాల్సిన మా ఇంజనీరు కూడా, ఉన్న ఇల్లు పాత ప్లాను ప్రకారం లేకుండా నేను ధ్రువీకరించి సంతకం పెట్టలేనన్నాడు. ముహూర్తం చూస్తే నాలుగు నెలలు కూడా లేదు.

అప్పుడు, తొమ్మిదేళ్ల తర్వాత, ఆ ప్లాను కాగితం తీసి మొదటిసారి చదివాను. చదివితే అర్థం కానిదేమీ లేదందులో. చీర కుచ్చిళ్లు లెక్కపెట్టడం వచ్చిన మనకు ఆ లెక్క ఒక లెక్కా? చెబుతాను వినండి.

స్థలం విస్తీర్ణాన్ని బట్టి, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి, ఇంటి ఎత్తును బట్టి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో నిబంధనల్లో ఉంటుంది. దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో 168వ నంబరు జీవో అని ఒకటి వచ్చింది. రెండు రాష్ట్రాలైన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే నిబంధనలు చేసుకుంది. తెలంగాణలో ఆ పాతదానికే మార్పులు, చేర్పులు జరుగుతూ వచ్చాయి. ఆ 2012 జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, కాలనీల్లో ఉండే మామూలు రోడ్డయితే, ముందు వైపు మీటరున్నర, మిగిలిన మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. మా 180 గజాలంటే సుమారు 150 చదరపు మీటర్లు. స్థలం 30 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవు. రెండు పక్కలా మీటరు చొప్పున తీసేస్తే వెడల్పులో ఇంటికి మిగిలేది 23 అడుగుల పైచిలుకు. ఇది ముందే తెలిస్తే వంటిల్లు ఎంత రావాలో, హాలు ఎంత తగ్గాలో అప్పుడే తేల్చుకునేదాన్ని. హాలు పెద్దగా ఉండాలని మావారు, వంటింట్లో చోటు చాలదని నేను, ఇద్దరం కలిసి ఆ భారం తీసుకెళ్లి వెనక సందు మీద పెట్టాం.

"కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుంది, జరిమానా కట్టేస్తే సరి" అంటారు. ఆ కాస్త ఎంతో తెలుసా? ముందు భాగం తప్ప మిగతా సెట్‌బ్యాకుల్లో 10 శాతం వరకు తేడా వస్తే అపరాధ రుసుం తీసుకుని మన్నించే వీలు ఆ నిబంధనల్లో ఉంది. మీటరులో 10 శాతం అంటే 10 సెంటీమీటర్లు. బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ, జానెడు కంటే బాగా తక్కువ. గోడ కట్టేటప్పుడు పొరపాటున జరిగే తేడాకే ఆ మన్నింపు. నేను మూడడుగుల సందునూ మింగేశాను.

ఇంకొందరు "ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు బిల్లు వస్తోంది, ఇంకేం కావాలి?" అంటారు. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అనుమతి లేకుండా కట్టిన దానికి పన్ను మీద అదనంగా మరో 100 శాతం వరకు వడ్డించే అధికారం కూడా మునిసిపాలిటీకి ఉంది. అది కట్టినా కట్టడం సక్రమం అయిపోదు. క్రమబద్ధీకరణ పథకాలు వస్తాయిగా అని కూర్చునేవాళ్లూ ఉన్నారు. 2007 డిసెంబరులో ఒకటి వచ్చింది, 2015లో మళ్లీ రెండు రాష్ట్రాలూ తెచ్చాయి. తెలంగాణలో ఆ 2015 దరఖాస్తుల వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఎప్పుడో వచ్చే పథకాన్ని నమ్ముకుని గోడ కట్టడం, లాటరీ టిక్కెట్టు కొనుక్కుని అప్పు చేయడం లాంటిది.

మా సంగతికి వస్తాను. పగలగొట్టక తప్పదని తేలాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ దిగులులోనే ఉండగా వెనకింటి పెద్దావిడ శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచారు. పదేళ్ల పరిచయం ఉన్నా నేను వాళ్ల వంటింట్లోకి వెళ్లింది ఆ రోజే. పట్టపగలు పదకొండు గంటలకు లైటు వేసుకుని పులిహోర కలుపుతున్నారు. "కిటికీ తీయరేం పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా కిటికీ రెక్క తీశారు. ఎదురుగా మా గోడ. నేను లేపించిన గోడ! పైన నా రేకులు. తొమ్మిదేళ్లుగా ఆవిడ వంటింట్లో మధ్యాహ్నం కూడా లైటు వెలుగుతూనే ఉంది. ఒక్కనాడు నోరు విప్పి అడగలేదు. మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, అదీ చేయలేదు.

సెట్‌బ్యాక్ అంటే ఏమిటో ఆ కిటికీ దగ్గర తెలిసినంతగా నాకు ఏ జీవోలోనూ తెలియలేదు. మన మీటరు, వాళ్ల మీటరు కలిస్తేనే మధ్యన గాలి ఆడేది, వెలుతురు దిగేది. నిప్పంటుకుంటే మనిషి పరుగెత్తి బయటపడేదీ ఆ సందులోంచే.

మేస్త్రీని పిలిపించి తీయించేశాం. కట్టడానికి రెండు రోజులు, తీయడానికి ఒకటిన్నర రోజు పట్టింది. కట్టినప్పటికంటే చెత్త మోయించడానికే ఎక్కువైంది.

ఇక కొత్తగా కట్టబోయేవారికి కొన్ని సంగతులు. అన్నిటికంటే ముందు స్థలం. లేఅవుటుకు అనుమతి ఉందా? పంచాయతీ కాగితం ఒక్కటి చూపించి ప్లాట్లు అమ్మేవాళ్లుంటారు. లేఅవుటుకు పట్టణ ప్రణాళికా విభాగం ఆమోదమో, ఆ ప్రాంతపు అభివృద్ధి సంస్థ ఆమోదమో ఉండాలి. హైదరాబాదు చుట్టుపక్కలైతే హెచ్‌ఎండీఏ, విశాఖ వైపు వీఎంఆర్‌డీఏ, అమరావతి ప్రాంతంలో సీఆర్‌డీఏ. తర్వాత మాస్టరు ప్లానులో మీ ముందు రోడ్డు ఎంత వెడల్పు చూపించారో కనుక్కోండి. ఇప్పుడు 30 అడుగులున్న రోడ్డు అందులో 40 అని ఉంటే మీ స్థలంలోంచి కొంత విడిచిపెట్టాల్సి వస్తుంది. అది పోగా మిగిలిన చోటులోనే ఇల్లు.

చెరువుల సంగతి మరీ ముఖ్యం. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఇల్లు కట్టకూడదని 2012 నిబంధనల్లోనే ఉంది. వాగుకీ నాలాకీ కూడా ఇంతంత అని ఉంది. 2024లో హైదరాబాదులో హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టినవాటిని కూల్చినప్పుడు, రిజిస్ట్రేషను కాగితాలు చేత్తో పట్టుకుని ఏడ్చినవాళ్లలో మనలాంటి ఇల్లాళ్లు ఎంతమంది ఉన్నారో టీవీలో చూశాం. రిజిస్ట్రేషను అయిందంటే కొన్నట్టు రుజువు, అంతే. కట్టుకోవచ్చని దానిలో ఎక్కడా ఉండదు. ఎండాకాలంలో స్థలం చూసి మురిసిపోకండి. శ్రావణ, భాద్రపదాల్లో ఒకసారి వెళ్లి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి, ఆ ఊళ్లో పాతకాపులను అడగండి.

కాగితాలు పెద్దగా ఏమీ ఉండవు. మన దస్తావేజు, దానికి ముందటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఖాళీ స్థలం పన్ను రసీదు, లైసెన్సున్న ఇంజనీరు గీసిన ప్లాను. దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైనులోనే. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. దరఖాస్తులో మీ ఫోను నంబరే వేయించండి. బ్రోకరు తన నంబరు వేసుకుంటే, ఫలానా కాగితం తక్కువైందని ఆఫీసు వాళ్లు పంపే సందేశం అతనికే పోతుంది. అతను దాన్ని మీకు ఏ రేటుకు చెబుతాడో మీ అదృష్టం.

తెలంగాణలో 2020లో చేసిన చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునేవారికి అనుమతితో పనే లేదు. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపల అయితే అన్నీ సక్రమంగా ఉన్నాయని మనమే ధ్రువీకరిస్తే అనుమతి అప్పటికప్పుడు వచ్చేస్తుంది. అంతకు మించితే 21 రోజుల గడువు. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో స్వీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, సంతోషమే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఇదివరకు తప్పుంటే ఆఫీసులో ఎవరో ఒకరు ముందే పట్టుకుని ప్లాను వెనక్కి కొట్టేవారు. ఇప్పుడు ముందు అనుమతి, తర్వాత తనిఖీ. చెప్పింది అబద్ధమని తేలితే అనుమతి రద్దు చేయొచ్చు. తెలంగాణ చట్టమైతే నోటీసు లేకుండానే కూల్చవచ్చని కూడా రాసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, కూల్చేముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని దేశమంతటికీ చెప్పింది గాని, రోడ్లలోనూ చెరువుల్లోనూ కట్టినవాటికి ఆ రక్షణ లేదంది. "నేను ధ్రువీకరిస్తున్నాను" అన్న చోట ఉన్న ఆ "నేను" ఎవరు? పాలు పొంగుతున్నాయని తొందరపడి సంతకం పెట్టిన నాలాంటి ఆవిడే!

ప్లాను చదివేటప్పుడు అన్నీ చూడలేకపోయినా మూడు చూడండి. చుట్టూ వదిలిన ఖాళీలు, మెట్లు ఎక్కడ వస్తాయి, పై అంతస్తులో ఏం చూపించారు. మెట్లు పక్క సందులోకి జరపడం, డాబా మీద నీళ్ల ట్యాంకు గది అని చెప్పి ఒక గదీ వంటిల్లూ వేసి అద్దెకివ్వడం మన ఊళ్లలో మామూలు. పునాదికి ముగ్గు పోసే రోజున టేపు పట్టుకుని మీరే నిలబడండి. సున్నపు గీతను చెప్పుకాలితో చెరిపేయొచ్చు. గోడ లేచాక చెరపాలంటే సమ్మెట కావాలి.

ఉన్న ఇంటికి మరమ్మతులు చేయించుకునేవారు అన్నిటికీ భయపడక్కర్లేదు. సున్నాలు, రంగులు, గచ్చు మార్చుకోవడం, ప్లాస్టరింగు, లోపల చిన్న అడ్డుగోడ, ఫాల్స్ సీలింగు, మన స్థలంలోపలే సన్‌షేడు వేసుకోవడం, ఇలాంటివాటికి అనుమతి అక్కర్లేదని 2016 నాటి జాతీయ నిర్మాణ నియమావళి చెబుతోంది. గది పెంచడం, అంతస్తు వేయడం, ఇంటిని దుకాణంగా మార్చడం, వీటికి మాత్రం కావాలి. అపార్టుమెంటుల్లో ఉండేవారు వంటిల్లు చాలక బాల్కనీని కలిపేసుకుంటుంటారు. అది అందరి ఇంటి గోడ, మనొక్కరిది కాదు. లోపలి గోడ తీసేముందు కూడా అది ఊరికే ఇటుక గోడా, పై బరువు మోసే గోడా అన్నది ఇంజనీరుని అడగాలి. టైల్సు వేసే అతన్ని కాదు. పైన అంతస్తు వేయాలనుకునేవారూ అంతే. "అప్పుడే మూడంతస్తులకు పునాది వేశానమ్మా" అన్నది మేస్త్రీ నోటిమాట. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి రాసిచ్చిందే లెక్క.

ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశం హడావిడిలో చాలామంది మరచిపోయేది ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు. ప్లాను ప్రకారమే కట్టారు, ఇక కాపురం ఉండొచ్చని ఇచ్చే కాగితం. కొంచెం పెద్ద ఇళ్లకైతే అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే దానిలో 10 శాతం మునిసిపాలిటీ పేరున తనఖా పెట్టించుకుంటారు. ఓసీ వస్తేనే అది విడుదలయ్యేది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ కాగితం చూశాకే నీళ్లు, కరెంటు కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు కూడా చూసుకుని రుణాలివ్వాలనీ ఆదేశించారు. ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చినా, పిల్లల చదువుకు తాకట్టు పెట్టాల్సి వచ్చినా ముందు అడిగేది దాన్నే.

మా పై అంతస్తు మాటేమైందంటారా? పెళ్లి ముహూర్తానికి అందలేదు. కొత్త దంపతులు ఏడెనిమిది నెలలు మా హాలు పక్కన చిన్న గదిలో సర్దుకున్నారు. కోడలు మంచిపిల్ల కాబట్టి నవ్వుతూ సర్దుకుంది. ఈసారి ప్లాను మీద సంతకం పెట్టేముందు నేను రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాను. మావారు విసుక్కున్నారు, ఇంజనీరు మూడుసార్లు ఫోను చేశాడు. పైన బట్టలారేసుకునే చోటు పక్క సందు మీదికి అడుగున్నర వచ్చిందని నేనే పట్టుకుని లోపలికి జరిపించాను. ఓసీ వచ్చింది. బీరువాలో నగల పెట్టె కింద ఉంది.

గిన్నెలు ఇప్పుడెక్కడ తోముతున్నావని అడుగుతారేమో. వంటింట్లోనే. హాలు గోడను ఒక మూరెడు అటు జరిపించి గట్టు పొడవు పెంచుకున్నాం, లోపల అడ్డుగోడే కనుక ఇబ్బంది లేదని ఇంజనీరు చూసి చెప్పాకే. మావారి పడక్కుర్చీకి చోటు తగ్గింది. ఆయన ఇప్పుడు వెనక సందులో వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. వెనకింటి పిన్నిగారు కిటికీలోంచి కాఫీ అయిందా నాయనా అని పలకరిస్తుంటారు.